యాభై మెషీన్లకు లక్ష గ్యాలన్లు

నేను మొదలుపెట్టిననాడు నా చేతిలో ఉన్నవి మూడు: రొయ్యల పడవ అమ్మితే వచ్చిన నలభై ఒక్క వేల డాలర్లు, హైవేని ఆనుకుని మా నాన్న వదిలిపోయిన ఆరెకరాల చెరకు నేల, నా భార్య వెర్నా చేతి వంట. 1991 అది. పడవ కొన్నవాడు నా వంక జాలిగా చూశాడు. సముద్రం వదిలి ఓవీడ్ టెరియో ఏం తిని బతుకుతాడని ఊళ్లో అడిగారు. ఆ ఏడే లూసియానా ప్రభుత్వం, డబ్బులేసి ఆడే పేకాట మెషీన్లకు అనుమతిస్తూ చట్టం చేసింది. జాలిపడినవాళ్లు పేపర్లో వార్త చదివారు. నేను చట్టం చదివాను.

బారులో పెట్టుకుంటే మూడు మెషీన్లు. లారీల బంకులో పెట్టుకుంటే యాభై దాకా. అయితే బంకు నిజంగా బంకై ఉండాలి. ఐదెకరాల నేల ఉండాలి, యాభై పెద్ద లారీలు నిలిచే చోటుండాలి, రాత్రీపగలూ తెరిచి ఉండే హోటలుండాలి, డ్రైవర్లకు స్నానాల గదులుండాలి. అన్నిటికీ మించి నెలకు సగటున లక్ష గ్యాలన్లు అమ్మాలి. ఆ సగటు మూడు నెలలకొకసారి చూస్తారు. లక్షకు తగ్గితే మెషీన్లు నలభై. ఇంకా తగ్గితే ఇంకా తక్కువ.

నాకు ఐదెకరాలు చాలు, ఆరున్నాయి. మిగతావన్నీ అప్పు చేసి కట్టాను.

దాపరికం లేకుండా చెబుతాను. డీజిలు మీద గ్యాలనుకు నాలుగు సెంట్లు మిగిలితే మంచి నెల. హోటలు మీద ప్రతి నెలా నష్టమే. ఈ రెంటినీ మోసినవి మెషీన్లు. రాష్ట్రం తన వంతు, మెషీన్ల కంపెనీ తన వంతు తీసుకున్నాక ఒక్కో మెషీను నాకు నెలకు పద్నాలుగు వందలు మిగిల్చేది. అందుకే డీజిలును నేను సరుకుగా చూడలేదు, లైసెన్సుకు కట్టే రుసుముగా చూశాను. ఇరవై ఏళ్లు ఆ లెక్క తప్పలేదు.

తప్పు వేరేచోట చేశాను. చెరకు కోతల కాలంలో, అంటే అక్టోబరు నుంచి క్రిస్మస్ దాటేదాకా, మా వైపు రోడ్లన్నీ చెరకు ట్రక్కులే. చక్రాలకు అరచేయి మందాన నల్ల బురద, ట్రాలీల నుంచి రాలే ఆకూ ముక్కలూ. నా కాంక్రీటుకు తొంభై వేల డాలర్లయింది. ఒక ఏడు వానలకు విసిగిపోయి, గేటు దగ్గర బోర్డు పెట్టించాను: చెరకు ట్రక్కులు కాంక్రీటు మీదికి రాకూడదు. బురద కడగడానికి ఎంతవుతుందో లెక్క వేశాను. ఆ ట్రక్కులు ఎన్ని గ్యాలన్లు తాగుతాయో వేయలేదు.

పదేళ్లు ఆ బోర్డు వల్ల ఎంత పోతోందో నాకు తెలియలేదు. తరువాత కొత్త రోడ్డు పడింది. దాని ఎగ్జిట్ దగ్గర పెద్ద కంపెనీ బంకు ఒకటి తెరిచారు. దూరాల లారీలు అటు తిరిగాయి. నెలకు లక్షా పదిహేను వేలు అమ్మినవాడిని లక్షకు అటూ ఇటూ ఊగడం మొదలుపెట్టాను. సరిగ్గా అప్పుడే నేలకింది పాత ట్యాంకులు మార్చమని నోటీసు వచ్చింది. మార్చాను. బ్యాంకు కిస్తీ నెలకు పదమూడున్నర వేలు. పది మెషీన్ల రాబడి అంతే. కాబట్టి పది మెషీన్లు పోతే కిస్తీ పోతుంది, కిస్తీ పోతే బంకు పోతుంది. అరవై ఒకటో ఏట నేను మళ్లీ పడవెక్కలేను.

డిసెంబరు పదహారు ఉదయం సార్జెంటు రెనాటా ప్రేజాన్ తనిఖీకి వచ్చింది. మెషీన్ల తనిఖీ మా దగ్గర రాష్ట్ర పోలీసుల పని. రెనాటా మా వెర్నాకి పెద్దమ్మ మనవరాలు. మా ప్రాంతంలో ఒకరికొకరు బంధువులు కాకుండా ఉండడమే కష్టం. హోటల్లో కూర్చుని కాఫీ తాగి, రెండు డాలర్లు బల్లమీద పెట్టి రసీదు అడిగింది.

“నా దగ్గర కాఫీ తాగి డబ్బులిస్తావుటే?” అంది వెర్నా.

“ఇది లైసెన్సున్న చోటు పిన్నీ. రసీదు రాసివ్వు. ఆదివారం మీ ఇంటికొచ్చినప్పుడు కుండంతా ఊడ్చేస్తాలే.”

తరువాత నా ఇంధనం కాగితాలు ముందేసుకుంది. అక్టోబరు ఒకటి నుంచి ఆ ముందురోజు దాకా రెండు లక్షల అరవై ఐదు వేల గ్యాలన్లు. మిగిలిన పదహారు రోజుల్లో, క్రిస్మస్‌కు లారీలు తగ్గినా, రోజుకు రెండువేల రెండువందల చొప్పున ముప్పై ఐదు వేలు వస్తాయి. మొత్తం మూడు లక్షలు. గీత మీద నిలబడతాను గాని, నిలబడతాను. ఆ ధీమాతోనే కాళ్లు చాపుకుని కూర్చున్నాను.

“బాబాయ్, ఈ తొమ్మిదో పంపు ఏది?”

“రైతుల పంపు. చెరకు ట్రాక్టర్లకి.”

“ఎర్ర డీజిలా?”

“ఎర్రదే. రోడ్డు పన్ను లేనిది. రంగేదైతేనేం, డీజిలే కదమ్మా. నీళ్లు పొయ్యట్లేదుగా.”

“రోడ్డెక్కని బండికి పోసింది ఈ లెక్కలో చేరదు బాబాయ్.” పెన్ను మూత తీసింది. “ఇది లారీల బంకు. పొలం బంకు కాదు. ఈ మూడు నెలల్లో ఎర్రది ఎంత?”

నాకు కాళ్లు వెనక్కి తీసుకోవాలనిపించింది. “ఇరవై ఒక్క వేల నాలుగు వందలు.”

ఆమె ఆ అంకె మీద గీత కొట్టింది. నిదానంగా, స్కేలు పెట్టి. కిందటేడు కాగితాలు కూడా తీసి చూసింది. అప్పుడు ఎర్రది తీసేసినా లక్ష దాటుతోంది కాబట్టి హెచ్చరిక నోటీసుతో వదిలింది. ఈసారి మాత్రం గీత కొట్టాక మిగిలింది రెండు లక్షల నలభై మూడు వేల ఆరువందలు. ఎలా చూసినా ఇరవై ఒక్క వేల పైచిలుకు తక్కువ.

“ముప్పై ఒకటిన సాయంత్రం ఆరింటికి వచ్చి మీటర్లు నేనే చదువుతా,” అంది లేస్తూ. “ఇంకో మాట. అమ్మినట్టు ట్యాంకరులోకి నింపి, అటు తిప్పి ఇటు తెచ్చి మళ్లీ నేలట్యాంకులో పోసే తెలివి వద్దు. ఈ ఏడు ఇద్దర్ని పట్టుకున్నాను.”

“నా మొహం చూస్తే అలా అనిపిస్తోందా?”

“మొహం బాగానే ఉంది. కళ్లే, ఇందాకట్నుంచీ బయట ఆగున్న ఆ ట్యాంకరు వైపే పోతున్నాయి.”

ఆమె వెళ్లాక వెర్నా నా ముందు గంబో పులుసు గిన్నె పెట్టి ఎదురుగా కూర్చుంది. కంగారు పడ్డప్పుడు ఆమె మాట్లాడదు, వడ్డిస్తుంది. నేను తింటూ కిటికీలోంచి రోడ్డు చూశాను. చెరకు ట్రక్కు పోయింది. స్పూను మళ్లీ నోటి దగ్గరికి రాకముందే ఇంకోటి పోయింది. రెండిటి తలుపుల మీదా ఒకటే పేరు: నార్సీస్ అండ్ సన్స్. గేటు దగ్గర నా బోర్డు మెరుస్తోంది. నేనే ఏటేటా రంగు వేయించాను దానికి.

“వెర్నా, నార్సీస్‌కి ఎన్ని బండ్లుంటాయి?”

“ఇరవై రెండు. వాళ్లావిడ చెప్పింది. అడగడానికి వెళ్తావా?”

“వెళ్తాను.”

“అయితే బూట్లు పాతవి వేసుకో. మొహం కూడా.”

క్లీవ్‌లాండ్ నార్సీస్ నా ఈడువాడే. అద్దె ట్రక్కు తోలడంతో మొదలుపెట్టి ఇరవై రెండు సొంత బండ్ల దాకా వచ్చినవాడు. బాప్టిస్టు చర్చిలో పెద్ద. చక్కెర ఫ్యాక్టరీ వెనక ఆయన యార్డుకు నేను వెళ్లేసరికి ఒక బండి కింద పడుకుని ఉన్నాడు. ముందు తల బయటికొచ్చింది, తరువాత నవ్వు.

“ఎవరూ, టెరియో గారే! చూసుకుని నడవండి బాబూ, ఇక్కడంతా బురద. తమరికి పడదు కదా.”

మాట పడ్డాను. బేరానికి వెళ్లినవాడు మొదటి రెండు దెబ్బలూ ఉచితంగా తినాలి. “డీజిలు ఎక్కడ పోయిస్తున్నావు నార్సీస్?”

“బోర్డు లేని చోట.”

“రానూపోనూ పద్దెనిమిది మైళ్లు పోతున్నట్టున్నావు.”

“పందొమ్మిది.” లేచి చేతులు గుడ్డతో తుడుచుకున్నాడు. “పన్నెండేళ్ల కిందట, వానలో, నీ గేటు ముందు నా బండి టైరు పేలింది. కాంక్రీటు మీద జాకీ వేసుకుంటానన్నాను. నువ్వేమన్నావో గుర్తుందా?”

లేదని చెప్పొచ్చు. కానీ గుర్తున్నది గుర్తులేదంటే బేరం అక్కడే చెడుతుంది. “గుర్తుంది.”

“చెప్పు మరి. మా కుర్రాళ్లు కూడా వింటారు.”

చుట్టూ నలుగురు డ్రైవర్లు నిలబడ్డారు. “బోర్డు చదవడం రాదా అన్నాను.”

“వచ్చు. అందుకే పన్నెండేళ్లుగా రోజూ చదువుకుంటూ పోతున్నా.” డ్రైవర్లు నవ్వారు. ఆయన నవ్వలేదు. “ఎన్ని గ్యాలన్లు తగ్గాయి?”

“నీకెవరు చెప్పారు?”

“నీ ఎర్ర పంపు దగ్గర ట్రాక్టరు వాళ్లకి తెలిసింది ఫ్యాక్టరీకి తెలియదా? ఎంత?”

“ఇరవై ఒక్క వేలు.”

ఆయన పెదవులు కదిలాయి. నాలాగే నోట్లోనే గుణించుకునే మనిషి. “బండికి రోజుకు అరవై ఐదు. ఇరవై రెండు బండ్లు. పద్నాలుగు వందల ముప్పై. ఎల్లుండి మొదలుపెడితే దాదాపు సరిపోతుంది. అంటే ఇవాళ నీకు నాతో ఉన్నంత అవసరం నాకు నీతో లేదు. కూర్చో.”

తిరగేసిన బకెట్టు మీద కూర్చున్నాను. ఆయన కోరికలు నాలుగు. కొత్త ఎగ్జిట్ బంకు ధర కన్నా గ్యాలనుకు నాలుగు సెంట్లు తక్కువ. తెల్లవారుజామున నాలుగింటికి డ్రైవర్లకు వేడి తిండి. బోర్డు పీకాలి, అది కూడా నేనే, నిచ్చెనెక్కి, పగటిపూట. ఈ మూడింటికీ నేను తలూపాను. హోటలు ఎలాగూ మూయడానికి లేదు, వంటమనిషి జీతం ఎలాగూ ఇస్తున్నాను.

“నాలుగోది,” అన్నాడు, “మా డ్రైవరెవడూ నీ మెషీన్ల గదిలో కాలు పెట్టకూడదు. వాడు అడిగినా సరే. ఆ గది తలుపు దగ్గర వయసు చూసే మనిషి ఉంటాడుగా, వాడి దగ్గర మా ఇరవై రెండు పేర్లూ పెట్టు.”

“పెద్దవాళ్లను నేనెలా ఆపుతానయ్యా?”

“మా తమ్ముడు ఎర్నెస్టు నిరుడు ట్రక్కు అమ్మాడు. ఆ ట్రక్కు మొత్తం నీ గదిలోకే వెళ్లింది. ఏ మెషీన్లోకో నాకు తెలీదు.”

నాకు తెలుసు. పదిహేడోది. రోజూ అదే కుర్చీలో కూర్చునేవాడు. ఆ మాట చెప్పలేదు. ఇరవై రెండుమంది ఆడితే నెలకు నాకు రెండు వేలు రావచ్చు. వదులుకుంటే పద్నాలుగు వేలు నిలుస్తాయి. పుణ్యానికి ఒప్పుకున్నానని చెప్పుకోను. ఒప్పుకున్నాను. ఎర్నెస్టు పేరు కూడా చేర్చి ఇరవై మూడు రాయమన్నాను. అప్పుడు నార్సీస్ మొదటిసారి నా చెయ్యి పట్టుకుని ఊపాడు. గ్రీజు మూడు రోజులు వదల్లేదు.

మర్నాడు మధ్యాహ్నం నిచ్చెన వేశాను. బోల్టులు తుప్పు పట్టి ఉన్నాయి. కింద ఆరు చెరకు ట్రక్కులు ఇంజన్లు ఆపి సినిమా చూసినట్టు చూస్తున్నాయి.

“ఎడమవైపుకి తిప్పండి సార్! పడవల్లో బోల్టులు అలాగే విప్పుతారా?”

“తొందరేం లేదు సార్, పన్నెండేళ్లు ఆగాం!”

బోర్డు కింద పడినప్పుడు ఆరు హారన్లూ ఒకేసారి మోగాయి. మొదటి ట్రక్కు కాంక్రీటు మీదికెక్కి రెండు పలకల బురద దించింది. వెర్నా గుమ్మంలోంచి చూసి, “ఏమయ్యా, నీ తొంభై వేల కాంక్రీటు మీద ఇంక నారు పొయ్యొచ్చు,” అంది. కానీ ఆ రాత్రే నాలుగింటి తిండికి రెండు పెద్ద కుండల అన్నం వార్చే ఏర్పాటు చేసుకుంది.

పద్దెనిమిదో తేదీ నుంచి రోజూ పద్నాలుగు వందల ముప్పైకి పదీపరకా తేడాతో పోశాం. అన్నం, బుడాన్ అనే పందిమాంసం సాసేజి, గుడ్లు, కాఫీ. డ్రైవర్లు తిని, పొట్లాలు కట్టించుకుని పోయేవాళ్లు. వాళ్లను చూసి వేరే యజమానుల ట్రక్కు డ్రైవర్లు తిండికి ఆగడం మొదలుపెట్టారు. ఒకడు మాత్రం మెషీన్ల గది తలుపు దగ్గర, “ఒక్క ఇరవై డాలర్లే,” అని బతిమాలాడు. తలుపు దగ్గర మనిషి కాగితం చూపించాడు. “మా పాస్టరు కన్నా మీరే నయం అనుకున్నా,” అని గొణుక్కుంటూ పోయాడు.

ఇరవై తొమ్మిదో తేదీ పొద్దున నార్సీస్ తనే వచ్చి నా ఎదుట కూర్చున్నాడు. “మంచు పడుతుందని రైతులు తొందరపడి కోసేశారు. రేపు సాయంత్రంతో ఫ్యాక్టరీ ఆఖరు. ముప్పై ఒకటిన బండ్లు రావు.”

నేను రుమాలు మీద లెక్క వేశాను. ముప్పయ్యో తేదీ ముగిసేసరికి రెండు లక్షల తొంభై ఐదు వేల నూట తొంభై. చివరి రోజు మామూలు లారీలవి రెండు వేల రెండు వందలు. ఇంకా రెండు వేల ఆరు వందలు తక్కువ. పన్నెండు రోజులు బురద తొక్కించుకుని, రెండు వేల ఆరు వందల దగ్గర పది మెషీన్లు పోవడమా?

“కోతలయ్యాక బండ్లు ఎలా నిలబెడతావు? ట్యాంకులు నింపా, ఖాళీగానా?”

“ఖాళీగానే. నింపితే యార్డులో దొంగలు పైపు పెట్టి లాగేస్తారు. నిరుడు నాలుగు బండ్లవి పోయాయి.”

“పడవ రోజుల్లో నేను నింపి కట్టేసేవాడిని. ఖాళీ ట్యాంకు చలికి లోపల చెమరుస్తుంది. ఆ నీళ్లు డీజిల్లో దిగుతాయి. సెప్టెంబరులో బండి స్టార్టయ్యేటప్పుడు దగ్గుతుందా లేదా?”

“దగ్గుతుంది,” అన్నాడు. “ప్రతి ఏడూ ఇంజెక్టర్లకి మూడు వేలు.”

“నాకు ఆరో ఎకరం ఉంది. చట్టానికి ఐదు చాలు. దానికి కంచె ఉంది, దీపాలున్నాయి, మెషీన్ల కోసం పెట్టిన కెమెరాలు అక్కడిదాకా చూస్తాయి. నీ ఇరవై రెండు బండ్లూ సెప్టెంబరు దాకా అద్దె లేకుండా అక్కడ పెట్టుకో. ట్యాంకులు నిండా నింపి పెట్టు.”

ఆయన చాలాసేపు కాఫీ తిప్పాడు. పంచదార వేసుకోని కాఫీ. “కొన్న ధరకి పోస్తావా?”

“సెంటు వేసుకుంటాను.”

“ఓవీడ్.”

“సరే. కొన్న ధరకే.”

అప్పటిదాకా ఆయన నన్ను ఇంటిపేరుతో తప్ప పిలవలేదు. ఒక సెంటుకు అది ఖరీదేం కాదు.

ముప్పై ఒకటిన కడిగిన ట్రక్కులు ఇరవై రెండు వరస కట్టాయి. రెనాటా ఆరింటికన్నా చాలా ముందే వచ్చి, ఒక్కో బండికి రోడ్డు నంబరు ఉందో లేదో చూసి, ఒక్కో రసీదు మీద టైము రాసుకుంది. నేను పంపు దగ్గరే నిలబడ్డాను. బండికి నూట ఇరవై పడుతుందని నా అంచనా. కొన్ని నూట ఐదుకే నిండిపోయాయి. ఇరవై ఒకటో బండి అయ్యేసరికి ఇంకా ఎనభై ఎనిమిది కావాలి, టైము ఐదూ నలభై. చివరి బండి నార్సీస్ స్వయంగా తోలుకొచ్చాడు.

“ఇందులో ఎంత ఉంది ఇప్పుడు?” అన్నాను.

“నువ్వే చూసుకో. నిన్న కావాలనే దీనికి పోయించలేదు.”

అరవై దాటింది. ఎనభై ఎనిమిది దాటింది. నూట ఇరవై రెండు దగ్గర పంపు టక్కుమని ఆగింది. రెనాటా మీటర్లన్నీ చదివి రెండుసార్లు కూడింది. మూడు లక్షల ముప్పై నాలుగు.

“ముప్పై నాలుగు గ్యాలన్లు ఎక్కువ,” అంది. “ఇంత కొలిచి గీసినట్టు అమ్మినవాణ్ణి నేను చూళ్లేదు బాబాయ్.”

“కొన్న ధరకి పోస్తున్నానమ్మా. ఎక్కువ అమ్మితే నష్టం.”

ఆమె సంతకం పెట్టింది. వెర్నా ఆమెకు కాఫీ ఇచ్చి, అడగకముందే రసీదు ఇచ్చింది.

ఇక ఆఖరి లెక్క. నార్సీస్‌కు ఇచ్చిన తగ్గింపు తొమ్మిది వందల డాలర్లకు లోపు. బురద కడిగించిన కూలి ఆరు వందలు. ఆయన డ్రైవర్లు ఆడకపోవడం వల్ల నాకు రాని డబ్బు, రాలేదు కాబట్టి రాయను. నిలిచినవి యాభై మెషీన్లు. మరుసటి కోతలకు ఇంకా ఐదుగురు యజమానుల ట్రక్కులు వచ్చాయి. ఆ మూడు నెలలూ నెలకు లక్షా ఇరవై ఆరు వేల గ్యాలన్లు, ఎర్రది కలపకుండా. హోటలు ఇరవై ఏళ్లలో మొదటిసారి నెలకు నాలుగు వేల రెండు వందలు మిగిల్చింది. వెర్నా ఆ కాగితాన్ని వంటగది గోడకు అంటించింది. కోతల నెలల్లో బ్యాంకు కిస్తీలో సగం ఇప్పుడు చెరకు ట్రక్కులే కడుతున్నాయి. రేపు రాష్ట్రం చట్టం మార్చి మెషీన్లు కొన్ని లాక్కున్నా తలుపులు మూయక్కర్లేనంత దూరం వచ్చాను.

పోయింది ఒక బోర్డు. దాన్ని తిరగేసి ఆరో ఎకరం గేటుకు బిగించాను. ఈసారి రాయించింది: నార్సీస్ ట్రక్కులకు మాత్రమే.